రెండు గంటలకి అద్దెకు తీసుకున్న పార్కు

పార్కు అంటే ఒక చోట గేటు, గోడ, చెట్లు ఉండి కదలకుండా ఉండేది అని మన లెక్క. ఈ రోజు కదిలే పార్కుల కథ చెప్తాను. ఇది శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగింది.

1970 జూన్. బానీ షెర్క్ అనే ఆర్టిస్ట్, హోవార్డ్ లెవీన్ అనే ఇంకొకాయన కలిసి 'పోర్టబుల్ పార్క్స్' అని మొదలుపెట్టారు. ఫ్రీవే మీద, దాని ర్యాంపు పక్కన, ఉత్త కాంక్రీటు ఉన్న చోట గడ్డి పరిచారు. తాటి జాతి చెట్లు తెచ్చి నిలబెట్టారు. మెయిడెన్ లేన్ అనే షాపుల వీధినైతే మొత్తం పచ్చగా చేసి, జూ నుంచి జంతువుల్ని కూడా తీసుకొచ్చారు. నాలుగు రోజులే. తర్వాత అన్నీ తీసేశారు.

మరి తీసేశాక ఏం మిగిలింది? చూసినవాళ్లకి ఒక డౌట్ మిగిలింది: ఈ చోటు ఇలా కూడా ఉండొచ్చా? షెర్క్ అక్కడితో ఆగలేదు. 1974లో ఫ్రీవేలు కలిసే చోట 'ది ఫార్మ్' మొదలుపెట్టారు. తోటలు, జంతువులు, స్కూలు పిల్లలు, అన్నీ అక్కడే. ఇప్పుడు దాని పక్కన పోట్రెరో డెల్ సోల్ అనే సిటీ పార్కు ఉంది.

ఇప్పుడు 2005 నవంబర్‌కి వద్దాం. అదే ఊరు. రీబార్ అనే చిన్న టీమ్‌కి ఒక లాజిక్ తట్టింది. పార్కింగ్ మీటర్‌లో డబ్బులేస్తే ఆ చోటు కాసేపు మనం అద్దెకు తీసుకున్నట్టే కదా, అందులో కారే పెట్టాలని ఏముంది? మీటర్‌లో చిల్లర వేసి గడ్డి పరిచారు, ఒక బెంచీ వేశారు, ఒక చెట్టు పెట్టారు. రెండు గంటలు జనం వచ్చి కూర్చున్నారు. టైమ్ అవగానే గడ్డి చుట్టేసి, ఊడ్చి, వెళ్లిపోయారు.

దాని ఫోటో నెట్‌లో తిరిగింది. మాకూ చేసిపెట్టండి అని వేరే ఊళ్ల నుంచి అడిగితే, మీరే చేసుకోండి అని ఎలా చేయాలో రాసిన మాన్యువల్ ఇచ్చేశారు. మన ఓపెన్ సోర్స్ పద్ధతే అన్నమాట. ఒకటే కండిషన్: దీంతో వ్యాపారం చేయకూడదు. 2011కల్లా 'పార్కింగ్ డే' రోజున 35 దేశాల్లో, 162 ఊళ్లలో 975 చిట్టి పార్కులు వెలిశాయి. 2010లోనే శాన్ ఫ్రాన్సిస్కో సిటీ ఈ ఐడియాని తీసుకుని 'పార్క్‌లెట్' అని పర్మిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ముందున్న హోటల్‌వాళ్లు ఖర్చు పెట్టుకున్నా సరే, ఆ బెంచీ మీద ఎవరైనా కూర్చోవచ్చు, ఏమీ కొనక్కర్లేదు అని రూల్ పెట్టింది.

అసలు గొడవ ఇక్కడే. 2020లో కోవిడ్ వచ్చాక చాలా నగరాల్లో పార్కింగ్ చోటు రెస్టారెంట్ టేబుళ్లకి ఇచ్చారు. ఆ టైమ్‌లో అది చాలామంది బతుకుదెరువు కాపాడింది, కాదనను. కానీ కారు పోయి టేబుల్ వస్తే డబ్బులు లేనివాడికి ఏం మారినట్టు? వాడు అప్పుడూ నిలబడే ఉన్నాడు, ఇప్పుడూ నిలబడే ఉన్నాడు.

నా మాట ఏంటంటే, నాలుగు కుండీలు పెట్టి పచ్చదనం అయిపోయిందనుకుంటే మోసపోతాం. తొట్టిలో చెట్టు నేలలో చెట్టంత నీడ ఇవ్వదు. కదిలే పార్కు అనేది ఒక ప్రోటోటైప్. ఈ రోడ్డు ఎవరిది అని అది గట్టిగా అడుగుతుంది. మీ వీధిలో ఒకసారి చూడండి, కారు ఆపడానికి ఎన్ని చోట్లు ఉన్నాయి, ఒక పెద్దాయన ఊరికే కూర్చోవడానికి ఎన్ని ఉన్నాయి. లెక్క కామెంట్‌లో పెట్టండి. ఉంటాను మరి.