ఫసలీ లెక్కా, నళినీమోహన్ గారి కథలూ

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని మన సంఘం కార్యదర్శి గారు కబురు చేశారు. మెదక్ కోట గురించీ, కుతుబ్‌షాహీల గురించీ నాకంటే బాగా రాయగలవారు మనలో ఉన్నారు. నేను తెలుగులో సైన్సు రాసిన ఒక పెద్దమనిషి గురించి రాస్తాను. ఆయన డాక్టర్ మహీధర నళినీమోహన్ గారు. భౌతికశాస్త్రమూ, ఖగోళమూ నావంటి గుమాస్తాకు కూడా బోధపడేటట్లు రాసినవారిలో ఆయనది, నా లెక్కన, మొదటి వరస.

ఆయన 1933లో పుట్టారు. 'కొల్లాయి గట్టితేనేమి' నవల రాసిన మహీధర రామమోహనరావు గారి కుమారుడు. ఫిజిక్సు చదివి ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో శాస్త్రవేత్తగా పనిచేశారు. మన దేశానికంతటికీ సరైన టైము చూపించే సంస్థ అదే. 2005లో కాలం చేశారు. నిప్పు కథ, కేలెండర్ కథ, టెలిఫోన్ కథ, పిడుగు దేవర కథ, ఇలా ఉంటాయి ఆయన పుస్తకాల పేర్లు. 'కథ' అన్న మాట చూసి పిల్లల పుస్తకాలని పక్కన పెట్టేవారున్నారు. నన్నడిగితే అవి పెన్షనర్లు తీరికగా చదువుకోవలసినవి.

ఆయనకు ముందు ఎవరూ లేరని కాదు. కొమర్రాజు లక్ష్మణరావు గారు, రావిచెట్టు రంగారావు గారు మొదలైన పెద్దలు 1906లో మన హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టి శాస్త్ర గ్రంథాలు వేయించారు. అవి గొప్ప పుస్తకాలే గాని, ఆనాటి గ్రాంథిక భాష. తరవాత ఫిజిక్సు అధ్యాపకులు వసంతరావు వేంకటరావు గారు భాషను చాలా తేలిక చేశారు. నళినీమోహన్ గారి దారి ఇంకొకటి. సూత్రంతో మొదలుపెట్టరు, రోజూ మన చేతిలో ఆడే వస్తువుతో మొదలుపెడతారు. అగ్గిపుల్ల, టెలిఫోను, గోడమీది కేలెండరు.

కేలెండరు అంటే మన రెవెన్యూ వారికి ఫసలీ గుర్తుకు రావాలి. పహాణీల మీదా, జమాబందీ లెక్కల్లోనూ ఏళ్ళ తరబడి ఫసలీ వేశాం. అది ఎక్కడినుంచి వచ్చిందని మా సెక్షనులో ఎవరూ అడగలేదు. నిజానికి అది మంచి ఖగోళ పాఠం. హిజ్రీ సంవత్సరం చంద్రుడి లెక్క, పన్నెండు నెలలకు 354 రోజులు. భూమి సూర్యుణ్ణి చుట్టి రావడానికి 365 రోజుల పైచిలుకు పడుతుంది. ఏటా పదకొండు రోజుల తేడా. పంట చంద్రుణ్ణి చూసి పండదు కదా! హిజ్రీ తేదీకి శిస్తు కట్టమంటే మూడేళ్ళలో గడువు నెల రోజులు ముందుకు వస్తుంది, కొన్నాళ్ళకు చేను పచ్చిగా ఉండగానే వసూలుకు దిగాల్సి వస్తుంది. పైగా 32 పంటలకు 33 శిస్తులు! అందుకని ఉత్తరాదిన అక్బరు, మన దక్కనులో 1636లో షాజహాను ఫసలీ పెట్టారు. ఆ ఏడు హిజ్రీ 1046. ఆ అంకెను అలాగే ఉంచి, అక్కడినుంచి సూర్యుడి లెక్కన నడిపించారు. 1636లోంచి 1046 తీసేస్తే 590. జూలై ఒకటిన ఇంగ్లీషు సంవత్సరంలోంచి మనం తీసేసే 590 అదే. 1979 జూలైలో ఫసలీ 1389 మొదలయ్యేసరికి హిజ్రీ 1399 నడుస్తోంది. 343 ఏళ్ళలో చంద్రుడు పదేళ్ళు ముందుకు పోయాడన్నమాట.

ఆ 1389 ఫసలీని మన తరంవాళ్ళు మరిచిపోలేరు. మొదలైన పది రోజులకే, 1979 జూలై 11న స్కైలాబ్ పడింది. అమెరికా వారు 1973లో పంపిన 77 టన్నుల అంతరిక్ష కేంద్రం అది. మన పల్లెల్లో ఇక లోకం ఉండదని మేకల్నీ కోళ్ళనూ కోసుకు తిన్నారు. కొందరు పశువుల్ని వచ్చిన ధరకు అమ్ముకున్నారు. కొన్నవాడు మాత్రం మిగిలాడు! అది ఎందుకు పడుతోందో చెప్పడం కష్టం కాదు. సూర్యుడిలో అలజడి పెరిగింది, ఆ వేడికి పైనున్న పలచని గాలి ఉబ్బింది, ఆ గాలి రాపిడికి స్కైలాబ్ వేగం తగ్గి కిందికి జారింది. ఈ మూడు ముక్కలు తెలుగులో చెప్పేవాడు ఊళ్ళో లేడు. చివరకు ముక్కలు హిందూ మహాసముద్రంలోనూ, పడమటి ఆస్ట్రేలియాలోనూ పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అమ్ముకున్న ఎద్దులు మాత్రం తిరిగి రాలేదు.

అదే ఫసలీలో, 1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి 48 అంగుళాల టెలిస్కోపు 1968 నుంచి జాపాల-రంగాపురంలో ఉంది. గ్రహణం అక్కడ సంపూర్ణం. దూరదూరాల నుంచి శాస్త్రజ్ఞులు అక్కడికి చేరారు. మన సంగారెడ్డిలో సంపూర్ణం కాదు, సూర్యుడు సన్నని అంచుగా మిగిలాడు. శాస్త్రజ్ఞులు చూడ్డానికి వస్తే మనవాళ్ళు తలుపులు వేసుకున్నారు. మధ్యాహ్నం బజారులో మనిషి లేడు. పటాన్‌చెరు వైపు రోడ్డు మీద లారీలు కూడా పలచబడ్డాయి. మా వాకిట్లో వేపచెట్టు కింద ఆకుల సందుల్లోంచి పడే వెలుతురు చుక్కలన్నీ నెలవంకలయ్యాయి. ఆకాశం వంక చూడనక్కర లేకుండా నేలమీదే గ్రహణం! సూర్యుడు చంద్రుడికంటే సుమారు 400 రెట్లు పెద్ద, సుమారు 400 రెట్లు దూరం. అందుకే చిన్న చంద్రుడు సరిగ్గా అడ్డం పడగలడు. ఈ మాట మాత్రం చాలు, తలుపు తీయడానికి.

ఇప్పుడు మన కందిలోనే ఐ.ఐ.టి. ఉంది. అక్కడ జరిగే చదువు గొప్పదే, కాని అది ఇంగ్లీషులో. ఆ చదువును ఊళ్ళోకి తెచ్చే మనిషి కావాలి. పగలు ప్రయోగశాలలో పనిచేస్తూ నళినీమోహన్ గారు తెలుగులో రాసింది అందుకే అనుకుంటాను.

గ్రంథాలయాల్లో ఆయన పుస్తకాలు అడిగి చూడండి. రెవెన్యూ వారు కేలెండర్ కథతో మొదలుపెట్టండి. కరెంటు ఆఫీసులో చేసినవారికి పిడుగు దేవర కథ, టెలిఫోన్సు వారికి టెలిఫోన్ కథ ఉండనే ఉన్నాయి. అగ్నిమాపక శాఖ మిత్రులకు నిప్పు కథ వదిలేద్దాం.