స్వచ్ఛంద ఉద్యోగ విరమణ: బేరం, గోప్యత

సంస్థ ఇచ్చే పరిహారం తీసుకుని ఉద్యోగి గడువుకు ముందే తప్పుకోవడాన్ని స్వచ్ఛంద ఉద్యోగ విరమణ (వీఆర్‌ఎస్) అంటారు.

పరిహారం: 2019లో ప్రభుత్వ టెలికం సంస్థ బీఎస్‌ఎన్‌ఎల్ పథకం పూర్తయిన ఒక్కో సర్వీసు సంవత్సరానికి 35 రోజుల, పదవీ విరమణకు మిగిలిన ఒక్కో సంవత్సరానికి 25 రోజుల జీతం ప్రకటించింది. 78 వేల మందికి పైగా దాన్ని ఎంచుకున్నారు.

ఉద్యోగి బలం: ఉద్యోగి సమ్మతి లేనిదే విరమణ స్వచ్ఛందం కాదు. ఉద్యోగికి ఉన్న అసలు పట్టు అదే. 2025 వరకు అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం తొలగింపుకు పనిచేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు వేతనాన్ని కనీస పరిహారంగా నిర్దేశించింది. కార్మికుల విషయంలో బేరానికి అది కనీస హద్దుగా ఉండేది. జాతీయీకరించిన బ్యాంకుల వీఆర్‌ఎస్ పథకాలపై 2002లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, ఉద్యోగి దరఖాస్తు కేవలం ప్రతిపాదనేనని, ఆమోదం పొందేలోపు దాన్ని ఉపసంహరించుకోవచ్చని చెప్పింది.

గోప్యత: ప్రభుత్వ సంస్థల్లో లెక్క అందరికీ ఒకటే, బహిరంగం. ప్రైవేటు సంస్థల్లో విడివిడిగా ఒప్పందాలు కుదరవచ్చు. వాటిలో పరిహారం మొత్తాన్ని బయటపెట్టకూడదనే షరతు ఉండవచ్చు. దానివల్ల సహోద్యోగులకు ఎంత దక్కిందో తెలియక ఉద్యోగి బేరం బలహీనపడుతుంది. కుటుంబానికి, న్యాయవాదికి, పన్ను సలహాదారుకు చెప్పుకునే మినహాయింపును ముందే రాయించుకోవాలి. నేరాన్ని దాచిపెట్టమనే షరతు 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 ప్రకారం చెల్లదు.

సంతకానికి ముందు ప్రతి హామీనీ రాతపూర్వకంగా తీసుకోవడమే ఉద్యోగికి రక్ష.