బడికి పోవు దారి

మా గోవాడ గ్రామమున ఉదయము ఎనిమిదిన్నర వేళ చోడవరము దారిని నిలిచినచో ఒక దృశ్యము కానవచ్చును. మోటారు సైకిలొకటి వచ్చును. పెట్రోలు టాంకుపై ఒక పసివాడు. నడుపువాని వెనుక పుస్తకముల సంచులతో ఇద్దరు. నడుపువాడు తండ్రియైనను కావచ్చును, నెలకింత యని పుచ్చుకొని పిల్లలను బడికడ దింపివచ్చు పొరుగు యువకుడైనను కావచ్చును. ఈ ప్రయాణమునకును ఒక చరిత్ర గలదు.

పూర్వము శిష్యుడు గురువునింటనే వసించెడివాడు గనుక దినదినము బడికి పోవు పని లేదు. వీథిబడి యన్ననో ఊరిలోని అరుగుమీదనే. అయినను ఆ కొలది దూరములోనే తొందర పుట్టినది. తెలుగు భాషకు ఇంగ్లీషున వ్యాకరణము రచించి 1816లో ప్రకటించిన క్యాంబెల్ దొర తరువాత బళ్లారి కలెక్టరుగా నుండి, 1823లో ఆ జిల్లా బడులను గూర్చి రెవిన్యూ బోర్డునకు నివేదిక పంపెను. బడి ఆరు గంటలకే మొదలగునట. ముందుగ వచ్చిన బాలుని అరచేత గౌరవసూచకముగ సరస్వతి పేరు వ్రాయుదురట. రెండవవానికి మెప్పును లేదు, తెగడ్తయు లేదు, సున్న చుట్టుదురు. మూడవవానికి మెల్లగ ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, అటుపై వచ్చినవానికెల్ల ఒక్కొక్కటి హెచ్చు. ఇది చదివినప్పుడెల్ల నాకు నవ్వు వచ్చెడిది. ఇప్పుడు రాదు. పిల్లవానిని పరుగెత్తించినది దారి కాదు, బడి. నాడు కాళ్లతో పరుగెత్తెను గనుక పడినను మోకాలితో పోయెడిది.

మోటారు బండ్లను గూర్చి భారతదేశమంతటికిని తొలి శాసనము 1914లో వచ్చినది. 1939 నాటి శాసనములోని 85వ సెక్షను, మోటారు సైకిలు నడుపువాడు తాను గాక ఒక్కనినే ఎక్కించుకొనవలెననియు, ఆ యొక్కనిని తన వెనుక గట్టిగ బిగించిన పీటమీదనే కూర్చుండబెట్టవలెననియు విధించెను. 1989 జూలై 1 నుండి అమలులోనున్న నేటి శాసనమున 128వ సెక్షనుదియు అదే మాట. కావున టాంకుమీది యాసనము ఎనుబదేండ్లకు పైగా నిషిద్ధము. అయినను మా వైపు తార్కికులు సామాన్యులు కారు. బస్సులో అరటిక్కెట్టువాడు మోటారు సైకిలుపైనను అరమనిషియే గదా, ఇద్దరు కలిసి ఒక్కడగుదురు గదా యని వాదింతురు!

తలను గూర్చిన తెలివి ఇంకను ఆలస్యముగ వచ్చినది. 1935 మే నెలలో ఇంగ్లండున లారెన్సు అను ప్రఖ్యాత సైనికుడు, సైకిళ్లపై పోవుచున్న ఇద్దరు బాలురను తప్పింపబోయి మోటారు సైకిలుపైనుండి పడి, తలకు దెబ్బ తగిలి ఆరవనాడు మరణించెను. అతనిని చూచిన వైద్యులలో నొకడగు హ్యూ కెయిర్న్సు 1941లో శిరస్త్రాణ మెంత యవసరమో విశదముగ వ్రాసెను. మన దేశమున నాలుగేండ్లు దాటిన ప్రతివాడును హెల్మెట్టు ధరింపవలెనని 2019 నాటి సవరణ చెప్పినది. తొమ్మిది నెలలు మొదలు నాలుగేండ్ల వఱకు గల శిశువునకు తలకు సరిపడు హెల్మెట్టు, శిశువును నడుపువాని దేహమునకు కట్టియుంచు పట్టీ, గంటకు 40 కిలోమీటర్లు మించని వేగము – ఇవి 2022 ఫిబ్రవరి 15 నాటి నియమములు. ఏడాది గడచిన పిమ్మట అమలునకు వచ్చినవి. ఆ పట్టీ 30 కిలోల బరువు నాపగలదై యుండవలెను.

ఈ నియమములు పుట్టకముందు నేనొక తప్పు చేసితిని. క్రషింగు దినములలో చెఱకు నఱకుటకై తల్లిదండ్రులు తెల్లవారకముందే పోవుదురు. ఒక శివారు పిల్లలు ముగ్గురు నిత్యము ఆలస్యముగ వచ్చుచుండిరి. ప్రార్థన కాగానే గేటు మూయించి వారిని వెలుపల నిలువబెట్టెడివాడను. బెత్తము పట్టలేదు గనుక దయాళుడనే యనుకొంటిని. తల్లిదండ్రులు చందా వేసికొని ఒక యువకుని మోటారు సైకిలు కుదిర్చిరి. హాజరుపట్టీ నిండినది; నాకు సంతోషమైనది. పుష్యమాసమున మంచు దట్టముగ నున్న యొకనాడు, గంట మ్రోగుచుండగా, ముందు పోవు చెఱకుబండి ఆగినది. యువకుడు బ్రేకు పట్టెను. టాంకుమీది రెండవ తరగతి బాలుని నొసలు హాండిలుకు కొట్టుకొని చీలినది, రెండు పండ్లు పోయినవి. ఆసుపత్రిలో కుట్లు వేయుచుండగా వాడు నన్ను చూచి, "మేస్టారండీ, గంట కొట్టీసేరేటండి?" అని యడిగెను.

నాటితో గేటు మూయించుట మానితిని. యువకుడు ఒక్కొక్కని చొప్పున మూడు సారులు తిరుగుటకు ఒప్పుకొనెను గాని, పెట్రోలు లెక్క తెగుటకు వారము పట్టినది. కొంత నేనును వేసికొంటిని. పసితలకు పట్టు హెల్మెట్టు చోడవరమున దొరకక విశాఖపట్టణము నుండి తెప్పించితిమి. ఒక్కటే, ముగ్గురును మార్చి మార్చి పెట్టుకొనెడివారు. నేను ఎనిమిదింటికే పోయి బడి తలుపు తెఱచి, ముందు వచ్చినవానికి కథ చెప్పెదనని కూర్చుండబెట్టెడివాడను. వాడెంత తొందరపెట్టినను, మూడవవాడు దిగువఱకు మొదలుపెట్టెడివాడను కాను.