మట్టికూజాపై బంగారు మెరుగు

పాత సామానును సేకరించు ఐరోపావాసుల భోజనపు బల్లలపై ఒక విధమైన కూజాలు కనబడుచుండును. చూచుటకు అవి బంగారముతోనో, వెండితోనో, రాగితోనో చేసినట్లుండును. వ్రేలితో తట్టినచో మాత్రము లోహపు మ్రోత రాదు. తిరగవేసి అడుగున చూచినచో, పూత అంటని చోట మట్టి బయటపడును. ఇంగ్లీషున వీటిని లస్టర్ పాత్రలందురు. మనము మెరుగు పాత్రలందము. మట్టికి ఈ లోహకాంతి ఎట్లు వచ్చినది? ఈ విద్య ఒకచోట వెలిగి, ఆరి, మరియొకచోట మరల వెలిగినది. అది ఏల ఆరినదో, దేనివలన నిలిచినదో తెలిసికొనుట విద్యార్థులకు మిక్కిలి ఉపయోగకరము.

మన ఇండ్లలో ఇత్తడి గిన్నెలకు కళాయి వేయింతురు. అనగా కరిగిన తగరమును గిన్నె లోపల పలుచగా పూయింతురు. ప్రాచీనుల మెరుగు అట్టిది కాదు. ముందుగా మట్టిపాత్రను కాల్చుదురు. ఆవకాయ జాడీకి ఉన్నట్టి గాజువంటి నునుపైన పూతను దానిపై ఏర్పరచి, రెండవ పర్యాయము కాల్చుదురు. తరువాత రాగి, వెండి సమ్మేళనములను ఎఱ్ఱమట్టితోను, పులిసిన ద్రాక్షరసముతోను నూరి, ఆ ముద్దతో చిత్రములు వ్రాయుదురు. ఆ పాత్రను మూడవ పర్యాయము సుమారు 600 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమిలో ఉంచి, ఆవములోనికి గాలి చొరకుండ చేసి, పొగ పట్టింతురు. చల్లారిన పిమ్మట నల్లబడిన మట్టిని తుడిచివేయగనే లోపలి చిత్రము ధగధగ మెరయును.

ఈ పొగలోనే రహస్యమంతయు ఉన్నది. గాలి చాలనప్పుడు కట్టెలు సగము మండి కార్బన్ మోనాక్సైడ్ వాయువు పుట్టును. దానికి ఆమ్లజని కొరత. కావున పాత్రపై నున్న రాగి, వెండి సమ్మేళనములనుండి అది ఆమ్లజనిని లాగికొనును. దీనినే క్షయకరణమందుము. ఈలోగా రాగి, వెండి అయానులు గాజుపూతలోనికి చొచ్చుకొనిపోయి, అచటి సోడియం, పొటాసియం అయానుల స్థానమును ఆక్రమించియుండును. క్షయకరణమువలన అవి లోహపు రేణువులుగా మారి గాజులోనే చిక్కుకొనును. అందుచేత ఈ మెరుగు పాత్రకు పైన అంటించినది కాదు, పాత్రలోనే ఇమిడినది. పొగ తక్కువైన మెరుగు రాదు. ఎక్కువైన పాత్ర మసిబారును.

ఈ మెరుగును మొదట గాజుపై వాడిరి. క్రీ. శ. 773 ప్రాంతమున ఈజిప్టును పాలించిన అధికారి పేరు గల గాజుపాత్ర ఒకటి పాత కైరోలోని ఫుస్తాత్‌లో దొరికినది. 9వ శతాబ్దిలో ఇరాక్ కుమ్మరులు దీనిని మట్టిపాత్రలకు తెచ్చిరి. బంగారు, వెండి పాత్రలలో భుజించుటను ఇస్లాం మతాచారము నిరసించుటచేత ఈ పాత్రలకు ఆదరణ కలిగినదని కొందరు చరిత్రకారుల అభిప్రాయము. ట్యునీషియాలోని కైరవాన్ మసీదు గోడపై ఆ శతాబ్దపు మెరుగు పలకలు నూటికి పైగా నేటికిని ఉన్నవి. అటుపిమ్మట ఈ విద్య ఈజిప్టులోను, ఇరానులోని కాషాన్ నగరములోను వర్ధిల్లినది. స్పెయిన్‌లోని మాలగా, మనిసెస్ పట్టణముల ద్వారా ఇటలీ చేరినది.

ఇంత దూరము నడచిన విద్యను గూర్చి వ్రాసినవారు మిక్కిలి తక్కువ. కుమ్మరి కుటుంబములు దీనిని తమ బ్రతుకుతెరువుగా దాచుకొనెను. కాషాన్ కుమ్మరి వంశమునకు చెందిన అబుల్ ఖాసిం 1301లో ఒక గ్రంథము వ్రాసి, పాత్రలకు 72 గంటలపాటు సన్నని పొగ పట్టించవలెనని తెలిపెను. ఇటలీలో సిప్రియానో పికోల్‌పాసో 1557 ప్రాంతమున కుమ్మరి విద్యపై మూడు భాగముల గ్రంథము రచించెను. నూరు పాత్రలను కాల్చినచో ఒక్కొక్కప్పుడు ఆరు మాత్రమే బాగుగా వచ్చునని అతడు చెప్పుచున్నాడు. తక్కిన తొంబదినాలుగింటి నష్టమును కుమ్మరి భరింపవలసినదే! అట్టి విద్య నోటిమాటగా మాత్రమే నిలిచిన చోట, గురువుతోపాటు గతించుట సహజము. ఇటలీలో అదే జరిగినది.

19వ శతాబ్ది ప్రారంభమున ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్ కుమ్మరులు వేరొక మార్గము త్రొక్కిరి. బంగారమును, ప్లాటినమును ఆమ్లములలో కరగించి, నూనెలతో కలిపి పాత్రలపై పూసి కాల్చిరి. ప్లాటినముతో వెండివంటి మెరుగు వచ్చినది. బంగారపు పూత తెల్లమట్టిపై గులాబివన్నెను, గోధుమవన్నె మట్టిపై రాగివన్నెను ఇచ్చినది. వెండి కొనజాలని సామాన్య గృహస్థులు ఈ తేనీటి పాత్రలను కొనిరి. సండర్‌లాండ్ రేవులో గులాబివన్నె కూజాలపై 1796లో తెరచిన వియర్ నది వంతెన బొమ్మను ముద్రించిరి. 1840 తరువాత విద్యుత్తుతో వెండి పూత పూయు పద్ధతి వ్యాపించుటచే, వెండివన్నె మట్టిపాత్రలకు గిరాకి తగ్గినది. అయినను సేకరించువారికి నేడు ఎక్కువగా దొరకునవి ఈ ఇంగ్లీషు పాత్రలే.

ప్రాచీన పద్ధతిని ఇంగ్లండులో పునరుద్ధరింప బూనినవాడు విలియం డి మోర్గాన్. గాజు పలకలపై వెండితో రంగు వేయునప్పుడు కానవచ్చిన వింతకాంతి అతనిని ఈ ప్రయోగములకు పురికొల్పెను. ఆ ప్రయోగములలో అతని ఇంటికప్పు కాలిపోయినది! అయినను అతడు మానలేదు. పైగా 1892లో ఒక విద్వత్సభలో తన పద్ధతులను బహిరంగముగా ఉపన్యసించెను. ఇటీవల ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో పరిశీలింపగా, ప్రాచీనుల మెరుగు పొరలోని లోహపు రేణువులు కొద్ది నానోమీటర్లు మొదలు కొన్ని పదుల నానోమీటర్ల వరకు మాత్రమే ఉన్నట్లు తేలినది. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. ఇట్టి రేణువులు గాజులో పొరలుగా నిలిచి వెలుగుతో ఆడుకొనుటచేతనే, పాత్రను త్రిప్పిన కొలది వన్నె మారును. ఇంగ్లీషు పాత్రల మెరుగు పైనున్న పలుచని పొర గనుక అద్దమువలె నిలకడగా మెరయును, రుద్దినచో అరుగును. రెంటికిని గల భేదమును దీనితో గుర్తింపవచ్చును.

ఇట్టి పాత్ర ఎవరికైన లభించినచో రెండు జాగ్రత్తలు అవసరము. చింతపండుతోగాని, బూడిదతోగాని తోమరాదు. పాతకాలపు గాజుపూతలలో సీసము సాధారణముగా ఉండును. పులుసు, మజ్జిగ, నిమ్మరసము వంటి పుల్లని పదార్థములు ఆ సీసమును కరగించి శరీరములో చేర్చును. పిల్లల మెదడునకు అది మిక్కిలి హానికరము. కావున బల్లపై అలంకారముగా ఉంచవచ్చునేగాని, వడ్డనకు వాడరాదు.

మన పాఠశాలలలో పరీక్షనాళికకు వెండి అద్దము పట్టించు ప్రయోగమును ఉపాధ్యాయులు చేసి చూపుచుందురు. అదియు క్షయకరణమే. ఒకనాడు అద్దము మెరయును. మరియొకనాడు నల్లని మడ్డి మిగులును. నల్లబడిన దినమున విద్యార్థి ఆ నాళికను కడిగివేసి, తోటివాని ఫలితమును ఎత్తి వ్రాసికొనుట పరిపాటి. అట్లు చేయనీయరాదు. ఎంత వేడి చేసినాడో, ఎంతసేపు ఉంచినాడో, నాళిక శుభ్రముగా ఉన్నదో లేదో ఉన్నదున్నట్లు వ్రాయింపవలెను. చెడిన తొంబదినాలుగు పాత్రల లెక్క వ్రాసి ఉంచినవారివలననే మంచి ఆరింటి విద్య మనకు దక్కినది.