పూసింది సరే, నిలిచిందా?

ఆరేడేళ్ల కిందట రైతుల కోసం తయారవుతున్న ఒక ఫోన్ యాప్‌లో పనిచేశాను. పంట పేరు, విత్తిన తేదీ ఇస్తే, ఆ దశలో ఏం చేయాలో చెబుతుంది. జట్టులో తెలుగువాణ్ని నేనొక్కణ్నే కాబట్టి ఇంగ్లిష్ మాటలకు తెలుగు పెట్టే పని నా మీద పడింది. 'ఫ్లవరింగ్ స్టేజ్' అన్నచోట 'పుష్పించే దశ' అని రాసి, అన్ని పంటలకూ అదే అతికించేశాను. సెలవులకు ఊరికి పోయినప్పుడు చిన్నాయనకు గొప్పగా చూపించాను. మాది కడప జిల్లాలో వేంపల్లె పక్క. ఆయన జొన్న తెరిచి, ఆ మాట దగ్గర ఆగిపోయాడు.

"జొన్న యాడన్నా పుష్పిస్తాదేమిరా? జొన్న ఎన్ను తీస్తాది. వరి ఈనుతాది. పూసేది శెనక్కాయ."

తప్పు నాదే. వృక్షశాస్త్రం లెక్కన జొన్నకూ వరికీ కూడా పువ్వుంటుంది. సేద్యం చేసేవాళ్ల భాషలో మాత్రం వాటికి పూత ఉండదు. ఆవు ఈనినట్టే వరి ఈనుతుంది. పూత అనేది కంటికి పువ్వుగా కనబడేదానికే: మామిడి, చింత, కంది, పత్తి, శెనక్కాయ. కర్నూలు వైపు, పత్తికొండ దగ్గర మా అమ్మ వాళ్లూళ్లో శెనక్కాయల్ని బుడ్డలంటారు. పంట పేరు మారినా, పూతను అక్కడా పూతే అంటారు.

అప్పటినుంచి ఈ మాట వెంట పడ్డాను. పువ్వుకు మూలమైన 'పూ' ద్రావిడ భాషల ఉమ్మడి ఆస్తి. తమిళంలో పూ, పాత కన్నడంలో పూ, 'ప' కాస్తా 'హ' అయ్యాక ఇప్పటి కన్నడంలో హూవు. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఆశ్చర్యం గోడకు సున్నం పూయడం దగ్గర మొదలవుతుంది. తమిళంలో చెట్టు 'పూత్తదు', ఒంటికి గంధం 'పూసినాళ్'. రెండూ వేరువేరు క్రియలు. బరో, ఎమెనో 1961లో వెలువరించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో కూడా ఇవి రెండు వేరువేరు పద్దులు. తెలుగులోకి వచ్చేసరికి ఈ రెండు వాగులూ ఒకటిగా కలిసిపోయాయి. తంగేడు పూసింది, అవ్వ గోడకు సున్నం పూసింది. నామవాచకం కూడా ఒకటే: మామిడి పూత, బంగారు పూత. పాత కావ్యాల్లో చెట్టు తరచు 'పూచెను' అని ఉంటుంది కాబట్టి అక్కడ తేడా కొంత కనిపిస్తుంది. మాట్లాడే భాషలో ఆ తేడా కూడా చెరిగిపోయింది.

1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్, తర్వాత అక్కడే బంగళా కొని, పండితుల్ని పెట్టుకుని తాళపత్రాలు సరిచేయించాడు. 1852లో అచ్చయిన ఆయన తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువులోనూ వికసించడం, పులమడం రెండూ ఈ మాటకు అర్థాలే. ఆ బంగళా ఉన్నచోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది.

వాడుకలోకి దిగితే ఈ మాట మరీ వింతగా ప్రవర్తిస్తుంది. వేడి చేస్తే నోరు పూస్తుంది. ఆ పూతలో అందమేమీ లేదు, అన్నం ముద్ద మింగలేం. కంట్లో పువ్వు వేస్తే చూపు పోతుంది. ఎదురుచూసి ఎదురుచూసి కళ్లు కాయలు కాస్తాయి, అదీ ఒక్క పువ్వయినా పూయకుండానే. 'పూత మెరుగులు' అంటే పైపై తళుకులు. ఇక 'మసి పూసి మారేడుకాయ చేయడం' అన్న జాతీయం. పూసి, కాయ: చెట్టు చేసే రెండు పనులూ ఆ మోసంలో వరసగా ఉన్నాయి. ఎవరైనా కావాలనే అలా కూర్చారో లేదోగానీ, పూయడానికీ పులమడానికీ ఒకే మాట ఉన్న భాషలోనే ఆ చమత్కారం కుదురుతుంది.

కవిత్వంలో పూయడమంటే నెరవేరడం. నవ్వు పూస్తుంది, వలపు పూస్తుంది, కథ అక్కడికి సుఖాంతం. ఇటువైపు చేలల్లో మాత్రం పూత దగ్గరే భయం మొదలవుతుంది. నల్లరేగడిలో పత్తి పూస్తే 'గుడ్డిపూలు' ఉన్నాయేమోనని వెతుకుతారు. గులాబీరంగు పురుగు లోపల చేరితే పువ్వు రెక్కలు విచ్చుకోకుండా ముడుచుకునే ఉండిపోతుంది, దాని పేరే గుడ్డిపువ్వు.

అన్నిటికంటే శెనక్కాయ కథ వేరు. విత్తిన నెల రోజులకు అటూఇటూగా పసుప్పచ్చటి చిన్న పూలు వస్తాయి. పువ్వు వాడాక దాని అడుగునుంచి సూదిలాంటి కాడ ఒకటి సాగి, కిందికి వంగి, మట్టిలోకి దిగుతుంది. కాయ ఊరేది మట్టిలోనే. ఆ కాడకు మనవాళ్లు పెట్టిన పేరు 'ఊడ'. పెద్ద మర్రిచెట్టు నుంచి తీసుకొచ్చి, జానెడు మొక్కకు తగిలించిన మాట. ఆ సమయానికి ఎకరాకు 200 కిలోల జిప్సం వేసి మట్టి ఎగదోయమంటారు వ్యవసాయ శాఖవాళ్లు. దానికి పైన ఒక వాన కావాలి. నేల గట్టిపడితే ఊడ దిగదు. ఊడ దిగకపోతే ఎంత పూసినా పూతే.

దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ మొక్క, ఇరవయ్యో శతాబ్దంలో నూనె మిల్లుల గిరాకీతో సీమలో కొర్ర, జొన్న పండే మెట్ట నేలల్లోకి పాకింది. దాని చరిత్రను ధరల్లో, ఎకరాల్లో చెబుతారు. నాకు కనబడేది క్రియాపదాల చరిత్ర. ఎన్ను తీసే చేను, పూసే చేనయింది. జొన్న ఎన్ను తలమీదే ఉంటుంది, గట్టున నిలబడి గింజను అంచనా కట్టొచ్చు. గింజ తాలుపోయినా చొప్ప ఎద్దులకు మిగులుతుంది. శెనక్కాయ పూతను పైన చూపించి, పంటను కింద దాచుకుంటుంది. చేతికొచ్చే డబ్బు పెరిగింది, దాంతోపాటు కంటికి కనబడనిదాన్ని నమ్ముకోవడమూ పెరిగింది.

2002 కరువు నాకు బాగా గుర్తు, అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. ఆలస్యంగా పడిన ఒక వానకు విత్తినాం. చేను బాగా పూసింది. పొద్దున్నే చూస్తే పసుపు చల్లినట్టుండేది. ఆ తర్వాత మబ్బులు వచ్చి పోయాయే గానీ, చినుకు పడలేదు. ఒకరోజు నాయన ఒక మొక్క పీకి తెచ్చి అవ్వ ముందర పెట్టాడు. ఊడలు నేలకు అంగుళం పైన సూదుల్లా ఎండి ఉన్నాయి.

"పూత బాగనే ఉండె గదరా," అనింది అవ్వ.

"పూత తింటామామ్మా?" అన్నాడు నాయన.

ఆ వారంలోనే చేన్లోకి గొర్రెల్ని తోలినాం. మరుసటి నెల నాయన పనికి బెంగుళూరు పోయాడు. నా చదువు సాగింది ఆ కూలి డబ్బుతోనే.

యాప్ దగ్గరికి వస్తే, నేను చేయగలిగింది చిన్న పని. ఒక్క మాట స్థానంలో పంటకొక మాట పెట్టాను: వరికి ఈనిక, జొన్నకు ఎన్ను తీయడం, శెనక్కాయకు పూత, ఆ తర్వాత విడిగా ఊడలు దిగడం. కోడ్ చూసే సహోద్యోగి 'ఒక ఇంగ్లిష్ మాటకు ఇన్ని తెలుగు మాటలెందుకు?' అని అడిగాడు. ఇలాంటి మాటల కోసమే భద్రిరాజు కృష్ణమూర్తి జిల్లాల్లో రైతుల దగ్గర సేకరింపజేసి, వ్యవసాయ పదాలతో 'మాండలిక వృత్తి పదకోశం' మొదటి సంపుటం తెచ్చారు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అచ్చువేసింది. అదంతా చెప్పే ఓపిక లేక, 'తప్పు మాట పెడితే తప్పు రోజున జిప్సం వేస్తారు' అన్నాను. ఒప్పుకున్నాడు.

ఆమధ్య ఉద్యోగంలో ఒక మెట్టు ఎక్కానని చిన్నాయనకు ఫోన్ చేశాను. సంతోషపడ్డాడు. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, పెట్టేసే ముందు అడిగాడు:

"అప్పులన్నీ తీరినాయా రా?"

ఇంటి లోను ఇంకా పన్నెండేళ్లుందని చెప్పాను.

"అయితే ఇంకా పూత మీదనే ఉండావులే," అన్నాడు.