మంకీ క్యాపు పురాణం

ధనుర్మాసం వచ్చిందంటే మా ఇంట్లో ముందు ముగ్గుగిన్నె బయటికొస్తుంది, ఆ వెనకే నాన్నగారి మంకీ క్యాపు. ట్రంకుపెట్టె అడుగునుంచి కలరా ఉండల వాసనతో సహా వస్తుందది. తెల్లవారుజామున దాన్ని తగిలించుకుని, కళ్లూ ముక్కూ మాత్రం బయటపెట్టి ఆయన గోదావరి గట్టుమీద షికారుకు బయల్దేరితే వీధిలో పిల్లలు ఒకరినొకరు గిల్లుకుని నవ్వుతారు. నవ్వితే నవ్వనీండి. చలి ఆయనది గదా!

ఈసారి పెట్టె తెరిచేసరికి ఎడమచెవి పైన రూపాయి బిళ్లంత చిల్లు కనబడింది. అది అమ్మ చేత్తో అల్లిన టోపీ. మా తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు పగటినిద్ర పోకూడదని పెద్దవాళ్లు ఆంక్ష పెడితే, మధ్యాహ్నాలు గడవక అల్లిందట. అంటే దానికి నలభై ఏళ్లు నిండబోతున్నాయన్నమాట. "కొత్తది కొనేద్దాం, బజారులో బోలెడున్నాయి" అన్నాను. అమ్మ నావంక అదోలా చూసింది. తనే బాగు చేద్దామంటే వేళ్ల కణుపులు వాచి సూది పట్టు చిక్కడం లేదు. "నేను చెబుతాను, నువ్వు చెయ్యి" అంది. నవలలు రాసే చేతులు ఏపాటి పని చేస్తాయో చూద్దామన్న ఎత్తిపొడుపు అందులో లేకపోలేదు.

అలా వారం రోజులు, వంటిల్లు సర్దుకున్నాక, వరండాలో నీరెండకు వీపు పెట్టి ఇద్దరం కూర్చున్నాం. ముందు పాత ఊలుతో రెండు సూదులమీద అలవాటు చేయించింది. ఒక నిట్టు, ఒక పర్లు. మధ్యలో ఒక్క కుట్టు జారిందో, నిచ్చెన మెట్లు విరిగినట్టు కిందిదాకా జారిపోతుంది. క్రోషియా సూది కొక్కెంతో అట్టడుగు కుట్టును పట్టుకుని ఒక్కో మెట్టే పైకి లాక్కోవాలి. మొదటిరోజు నాకు కళ్లనీళ్ల పర్యంతమైంది. మూడోరోజుకి, నిజం చెప్పొద్దూ, కాఫీ చల్లారిపోతున్నా లేవబుద్ధి కాలేదు.

బి.ఏ.లో నేను చదివింది చరిత్ర. చేతిలో సూదులున్నా బుర్ర ఊరుకోదుగా! కోతి పేరు మనం పెట్టుకున్నది. ఇంగ్లీషులో దీన్ని బాలక్లావా అంటారు. అది నల్లసముద్రం ఒడ్డున క్రిమియాలో ఉన్న ఓ చిన్న రేవు. ఒకవైపు రష్యా, రెండోవైపు బ్రిటన్, ఫ్రాన్సు, టర్కీ కలిసి అక్కడ యుద్ధం చేశాయి. 1854 అక్టోబరు 25న, పైనుంచి వచ్చిన ఉత్తర్వును తప్పుగా అర్థం చేసుకుని ఆరువందల పైచిలుకు బ్రిటిష్ రౌతులు నేరుగా ఫిరంగులకు ఎదురెళ్లారు. టెన్నిసన్ గేయం పుణ్యమా అని ఆ కథ కాలేజీలో మనమంతా బట్టీపట్టిందే.

గేయంలో లేని కథ ఆ తర్వాతిది. నవంబరు 14న పెద్ద తుపాను వచ్చి రేవు బయట నిలిచిన ఓడల్ని ముక్కలు చేసింది. సైనికులకు చలిబట్టలు తెచ్చిన 'ప్రిన్స్' అనే ఓడ సరుకుతో సహా మునిగిపోయింది. ఆపైన మంచు, బురద, చిరుగుల డేరాలు, కలరా. ఆ యుద్ధంలో బ్రిటన్ పోగొట్టుకున్న సుమారు 21,000 మందిలో గాయాలతో పోయినవాళ్లు నాలుగోవంతు కూడా లేరు. మిగతావాళ్లను రోగాలే తీసుకుపోయాయి.

'టైమ్స్' విలేకరి రస్సెల్ ఈ దురవస్థంతా పూసగుచ్చినట్టు రాసి పంపాడు. చదివిన ఆడవాళ్లు ఊలు ఉండలు ముందేసుకు కూర్చున్నారు. టోపీలు, మఫ్లర్లు, చేతితొడుగులు అల్లి ఓడలకెక్కించారు. ఈ టోపీకి ఆ ఊరి పేరు స్థిరపడింది మాత్రం కొన్ని దశాబ్దాల తర్వాతే.

ఆ యుద్ధం మన బట్టల పెట్టెలో ఇంకో రెండు పేర్లు కూడా వదిలిపోయింది. ముందువైపు బొత్తాములుండే కార్డిగన్, ఆ రౌతులకు నాయకత్వం వహించిన ప్రభువు పేరు. మనవాళ్లు డేరాల్లో వణుకుతుంటే ఆయనగారు రేవులో సొంత విలాస నౌకలో పడుకునేవాడు. డిసెంబరు వచ్చేసరికి ఇంటిముఖం పట్టాడు కూడా! (మనవాళ్లు అనేశాను చూడండి, ఊలు పట్టుకుంటే ఎవరైనా మనవాళ్లే అయిపోతారు కాబోలు.) మెడదాకా ఏటవాలుగా సాగే రాగ్లాన్ చేతులు సర్వసేనాని రాగ్లాన్ ప్రభువు పేరుమీద వచ్చాయి. 1815లో వాటర్లూ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్నాడాయన. ఒకే చెయ్యి ఉన్న మనిషి పేరు మన స్వెట్టర్ల రెండు చేతులకూ వచ్చింది.

ఇదంతా అమ్మకు చెబుతుంటే, "మరి అల్లినవాళ్ల పేర్లో?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అంతదూరం పోవడమెందుకు, మా అమ్మమ్మగారి ఊరు నరసాపురం పక్కనే. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు అక్కడి స్త్రీలకు క్రోషియా లేసు నేర్పారు. అది సముద్రాలు దాటిపోయి అమ్ముడైంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వాళ్లమీద ఒక పుస్తకమే వేసింది. రోజులో సగం పొద్దు వేళ్లు అరిగేలా అల్లినా, "ఇంటి ఇల్లాళ్లు, తీరిక వేళ కాలక్షేపం" అన్న ఒక్క మాటతో వాళ్లకు దక్కిన కూలి ఎంత కొంచెమో లెక్కలతో చూపించింది. చిన్నప్పుడు అమ్మమ్మ అరుగుమీద లేసు అల్లేవాళ్లను చూసి సరదా అనుకున్నదాన్ని నేను. సరదా లేదని కాదు, మా వరండాలో అది నాకే తెలిసొచ్చింది. కానీ నా వెనక ఏజెంటు నిలబడి లేడు.

సరే, చిల్లు పూడింది. నలభై ఏళ్లనాటి ఆ మెరూన్ రంగు ఎన్ని దుకాణాలు తిరిగినా దొరకలేదు. దొరికినదాంట్లో దగ్గరి రంగుతో వేశాను. చెవి పైన కుంకుమబొట్టులా ఎర్రగా కనబడుతోంది.

మర్నాడు షికారునుంచి నాన్నగారు మహా హుషారుగా వచ్చారు. గట్టుమీద ఆయన మిత్రబృందం ఆ అతుకు చూసి ఎవరు వేశారని అడిగారట. "మా అమ్మాయి వేసిందని చెప్పానే! అందరూ భేష్ అన్నారు" అన్నారు నాతో.

"మరి టోపీ ఎవరల్లారట?" అంది అమ్మ, కాఫీగ్లాసు బల్లమీద కాస్త గట్టిగానే పెట్టి.