పీకే పట్టకారు నుంచి నిలిపే సూది దాకా

నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద నల్లగొండ దాటి మిర్యాలగూడ వైపు సాగితే తగిలే ఊరు వేములపల్లి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ పుణ్యాన వరి పండే సీమ అది. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలేనాటికి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల వయసు ఎనిమిదేళ్లే. పుచ్చిన దవడపన్నుకు పల్లెలో తెలిసిన మందు లవంగం. దానికీ నొప్పి లొంగకపోతే పీకించుకోవడమే. పన్నును ఉన్నచోటే ఉంచి, లోపలి రోగాన్ని తీసే వేరు వైద్యం (రూట్ కెనాల్) అప్పటికే లోకంలో ఉంది. అది ఈ రోడ్డు దాకా రావడానికి చాలా మలుపులు తిరగాల్సివచ్చింది.

మొదటి అడ్డంకి పురుగు. పంటిని పురుగు తొలుస్తుందన్న నమ్మకం మన ఊళ్లలోనే కాదు, యూరప్‌లోనూ బలంగా ఉండేది. ఫ్రెంచి వైద్యుడు పియర్ ఫౌషార్ 1728లో అచ్చువేసిన గ్రంథంలో దాన్ని కొట్టిపారేశాడు. అమెరికాలో దంతవైద్యుడు మేనార్డ్ 1838లో గడియారం స్ప్రింగును అరగదీసి, పంటి వేరులోకి దిగే సన్నటి సూది తయారుచేశాడు. 1864లో శాన్‌ఫర్డ్ బార్నమ్ పంటి చుట్టూ పలచటి రబ్బరు తెర బిగించి, పనిచేసే చోటికి ఉమ్మి చేరకుండా ఆపాడు. 1867లో బౌమన్ అనే దంతవైద్యుడు గట్టాపెర్చాతో వేరును పూడ్చాడు. అది మలయా అడవుల చెట్ల పాలు. సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకు తొడుగుగా చుట్టిందీ దాన్నే.

అయినా అదంతా చీకట్లో తడుములాటే. వేరు ఎంత లోతుందో, ఎటు వంగిందో కంటికి కనిపించదు. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేను కనిపెట్టాక, నాలుగేళ్లకే న్యూ ఆర్లియన్స్ దంతవైద్యుడు ఎడ్మండ్ కెల్స్ దాన్ని వేరు వైద్యంలో వాడాడు. ఆ కిరణాల తాకిడికే ఆయన చేతివేళ్లు పోయాయి.

చూపు దొరికిన పదకొండేళ్లకు నమ్మకం చెదిరింది. 1910లో లండన్ వైద్యుడు విలియం హంటర్ మాంట్రియల్‌లో ప్రసంగిస్తూ, నోటిలో దాగిన చీము ఒంట్లో అనేక జబ్బులకు మూలమని వాదించాడు. ఆ మాట పట్టుకుని దశాబ్దాల పాటు పళ్లను టోకున పీకేశారు. ఎక్స్‌రేలూ పరిశోధనలూ మెరుగుపడ్డాక గాలి మళ్లింది. 1943లో అమెరికాలో వేరు వైద్యుల సంఘం ఏర్పడింది. 1963లో అది ప్రత్యేక విభాగంగా గుర్తింపు పొందింది. 1965లో కకెహాషి అనే పరిశోధకుడి బృందం సూక్ష్మజీవులు లేని వాతావరణంలో పెంచిన ఎలుకల పళ్లకు రంధ్రం పెట్టింది. లోపలి గుజ్జు బయటపడినా కుళ్లలేదు, తానే మానింది. శత్రువు పన్ను కాదు, అందులో చేరిన సూక్ష్మజీవి అని తేలింది.

మన దేశంలో రఫీయుద్దీన్ అహ్మద్ 1920లోనే కలకత్తాలో తొలి దంత కళాశాల నెలకొల్పారు. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది, 1959లో హైదరాబాద్ కళాశాల. నల్లగొండ జిల్లా పేరు వైద్య సాహిత్యానికి ఎక్కింది మరో దారిన: 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నీటిలోని ఫ్లోరైడ్ పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరోసిస్ మీద సిద్దిఖీ రాసిన వ్యాసంతో. ఇప్పుడు వేములపల్లి మీదుగా పోయే రోడ్డు మొదలయ్యే నార్కట్‌పల్లిలోనే కామినేని దంత వైద్య కళాశాల ఉంది. బీడీఎస్ తర్వాత మరో మూడేళ్లు ఎండీఎస్‌లో ఈ వేరు వైద్యాన్నే చదివినవారు స్పెషలిస్టులు.

ఆ మూడేళ్ల చదువు ఎందుకో కింది దవడపన్నును చూస్తే తెలుస్తుంది. దానికి సాధారణంగా రెండు వేర్లు, వాటి లోపల మూడు కాలువలు. పైదవడ మొదటి పెద్ద పన్నులో తరచూ నాలుగో కాలువ దాగి ఉంటుంది. దాన్ని వదిలేస్తే చీము మళ్లీ పడుతుంది. ఫైళ్లనే సన్నటి సూదుల్లో తెల్ల పిడి ఉన్నదాని మొన 0.15 మిల్లీమీటర్లు. దానితో దారి చేసుకుంటూ, పసుపు, ఎరుపు, నీలం పిడుల వరుసలో పెద్దవాటికి పోతూ కాలువను వెడల్పు చేస్తారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల గాయాలు కడిగిన సోడియం హైపోక్లోరైట్‌తోనే కాలువనూ కడుగుతారు. ఆరబెట్టి గట్టాపెర్చాతో మూసి, పైన క్యాప్ వేస్తారు. నరం తీసేస్తే పన్ను చచ్చినట్టేనని జనం అనుకుంటారు. కానీ వేరును ఎముకకు పట్టి ఉంచే నారపొర బతికే ఉంటుంది, రక్తమూ అందుతుంది. అందుకే ఆ పన్ను నమలగలుగుతుంది. వేరు నిలువునా చీలిపోతే మాత్రం ఈ విద్య ఏమీ చేయలేదు. అప్పుడు పట్టకారే సరైన పనిముట్టు.

గట్టాపెర్చాను అంటించే కొన్ని సిమెంట్లలో యూజినాల్ ఉంటుంది. అది లవంగనూనెలోని సారం. వెనకటి తరం పుచ్చుపన్ను మీద దూదితో అద్దిన నూనె పైపైనే ఆగిపోయేది. వేరు అడుగుకు చేరే దారి దానికి ఇప్పుడు దొరికింది.